స్కిబ్బరీన్ వెళ్తున్న మా బుజ్జికి

బుజ్జీ,

ఐర్లాండ్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఊరు స్కిబ్బరీన్ అన్నాక ఇంకేమీ వినలేదు నేను. నేను నర్సుగా చేసిన ఊరికే నువ్వూ నర్సుగా వెళ్తున్నావు. గర్వంగానూ ఉంది, దడగానూ ఉంది.

వాన కోటు, బూట్లు అక్కడే కొనుక్కో. ఊరికి రైలు లేదు, 1961లోనే తీసేశారు. కార్క్ సిటీ నుంచి బస్సు ఎక్కాలి. డ్రైవింగ్ త్వరగా నేర్చుకో. సన్నటి రోడ్ల మీద ఎదురొచ్చినాయన స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తితే అది పలకరింపు. నువ్వూ ఎత్తు.

నా భయం వేరే. డిసెంబర్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. గది తలుపేసుకుని వీడియో కాల్స్‌తోనే బతికేస్తావేమోనని నా టెన్షన్. ఊళ్లో మూడు వేల మంది కూడా ఉండరు. నువ్వు కలవకపోతే అందరికీ తెలుస్తుంది.

అందుకే ఒక్కటి గట్టిగా చెప్తున్నా. ఎవరైనా పోతే పలకరించడానికి వెళ్లు. నువ్వు చిన్నప్పటి నుంచీ చావు జరిగిన ఇళ్లకి వెళ్లకుండా తప్పించుకునే రకం, నాకు తెలుసు. ఆ వేషాలు అక్కడ వద్దు.

నాతో పనిచేసిన ఒకమ్మాయి ఉండేది, మన వైపుదే. పక్కింటి ముసలాయన తన దొడ్లో పండిన బంగాళాదుంపలు సంచిలో వేసి ఆమె గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవాడు. ఆయన పోయిన రోజు ఆమె మైల అనుకుంది, పిలవకుండా ఎలా వెళ్లాలనుకుంది, లోపలే ఉండిపోయింది. అక్కడ ఎవరూ పిలవరు. రేడియోలో చావు కబుర్లు చదువుతారు, విని జనమే వస్తారు. వరుసలో నిలబడి, ఇంటివాళ్లందరి చేతులూ పట్టుకుని 'సారీ ఫర్ యువర్ ట్రబుల్' అంటారు. అంతే, ఇంకేమీ అనక్కర్లేదు. తర్వాత టీ, శాండ్‌విచ్ పెడితే కాదనకూడదు. కొన్ని నెలలకి ఆయన భార్య నన్ను దారిలో ఆపి, "మా ఆయన ఆ అమ్మాయిని ఏమైనా నొప్పించాడా?" అని అడిగింది. అన్ని నెలలూ ఆ ముసలావిడ అదే ఆలోచిస్తూ ఉందన్నమాట. మా స్నేహితురాలు మర్నాడే వెళ్లి ఏడ్చింది. కానీ ఆయన్ని సాగనంపే రోజు మళ్లీ రాదు కదా.

ఊరి చివర ఐలెన్ నది పక్కన ఆబీస్ట్రూరీ శ్మశానం ఉంది. మొదటి నెలలోనే వెళ్లి చూడు. 1845లో బంగాళాదుంపకి తెగులు పట్టింది. పేదలకి అదే అన్నం. సంతలో తిండి ఉన్నా కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఆ శ్మశానం గుంటల్లో ఎనిమిది నుంచి పది వేల మందిని కలిపి పూడ్చారని చెప్తారు. పెట్టెలు చాలక, అడుగు తెరుచుకునే పెట్టెలోంచి శవాన్ని గుంటలోకి జార్చి, అదే పెట్టె ఇంకొకరికి వాడారు. 1832-33లో మన గుంటూరు వైపు వచ్చిన నందన కరువు గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నదాన్ని, అక్కడ నిలబడితే కాళ్లు ఆడలేదు నాకు. అంతమంది ఏ సాగనంపూ లేకుండా పోయిన ఊళ్లో ఇవాళ ఒక్క ముసలాయన కోసం వందల మంది వరుస కడతారు. రెండింటికీ సంబంధం ఉందని ఎక్కడా చదవలేదు, నాకు అలా అనిపిస్తుంది.

మైల అని నీకు మనసు పీకితే ఇంటికొచ్చి తలస్నానం చెయ్యి తల్లీ. నేనూ చేసేదాన్ని.

ఊరంతా ఏడుపే అనుకోకు. 2016లో రియోలో ఐర్లాండ్‌కి రోయింగ్‌లో మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన గ్యారీ, పాల్ ఓడొనోవన్ అన్నదమ్ములు ఆ నదిలో తెడ్డు వేసినవాళ్లే. తర్వాత టోక్యోలో, పారిస్‌లో పాల్, ఫింటన్ మెక్‌కార్తీ కలిసి బంగారం కొట్టారు. ఈ పేర్లు గుర్తుపెట్టుకో, పేషెంట్లు నీతో గంటలు గంటలు మాట్లాడతారు. దగ్గర్లోనే లాక్ హైన్ అని ఉప్పునీటి సరస్సు ఉంది. సముద్రం పోటు సన్నటి సందులోంచి దానిలోకి దూకుతుంది. పక్కనున్న గుట్టెక్కి చూడు, ఒంటరిగా మాత్రం నీళ్లలో దిగకు.

నువ్వు పొద్దున ఎనిమిదికి నైట్ డ్యూటీ దిగేసరికి నాకు మధ్యాహ్నం భోజనం వేళ. అప్పుడు ఫోన్ చెయ్యి. కందిపొడి మీ అమ్మ చేస్తానంటోంది, వద్దని చెప్పు. నేను చేసి పంపిస్తున్నాను.

మీ పెద్దమ్మ