గంధరాజం మొగ్గలు విచ్చుకోకుండానే ఎందుకు రాలిపోతాయి? ఆకులు ఎందుకు పసుపెక్కుతాయి?

మొగ్గలు రాలుతుంటే ముందు అనుమానించాల్సింది నీళ్లనే. ఒకరోజు కుండీలో మట్టి బీటలువారి, మర్నాడు బురదైతే గంధరాజం ఓర్చుకోదు. వేలు పెట్టి చూసి, పైమట్టి అంగుళం ఆరితేనే పోయండి. మొగ్గ మీదున్నప్పుడు కుండీ చోటు మార్చొద్దు, అలుగుతుంది.

లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది; మట్టి పీహెచ్ (పులుపు-క్షారాల కొలత; అంకె పెరిగే కొద్దీ క్షారం ఎక్కువ) 6.5 దాటితే వేళ్లు దాన్ని అందుకోలేవు. సున్నం ఎక్కువున్న నీళ్లతో వచ్చే తంటా ఇదే. వాన నీళ్లు మేలు. చెలేటెడ్ ఐరన్‌ను (మొక్క సులువుగా తీసుకునే రూపంలోని ఇనుమును) ప్యాకెట్‌పై చెప్పిన మోతాదులో కలిపి సాయంత్రం ఆకులపై పిచికారీ చేయండి. బూడిద, గుడ్డు పెంకులు మాత్రం వేయకండి, పీహెచ్ ఇంకా పెరుగుతుంది.

కొమ్మలు కత్తిరించేది పూత అయిన వెంటనే. ఆలస్యమైతే వచ్చే మొగ్గలే తెగిపోతాయి.