రైతు ప్రశ్నలు: దొరువు నీళ్ల తోటకూర

ప్రశ్న: అటు సముద్రం, ఇటు బకింగ్‌హాం కాలువ. మా ఊరు దాదాపు దీవే. దొరువు (ఇసుకలో తవ్వుకున్న లోతు తక్కువ నీటిగుంట) నీళ్లతో అర ఎకరంలో ఆకుకూరలు, వంగ వేస్తున్నాం. దళారి అడిగిన ధరకే ఇచ్చేస్తున్నాం. నెల్లూరు రైతుబజారులో మేమే అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్ముకోవచ్చమ్మా. 1999లో రైతుబజార్లు పెట్టిందే మధ్యలో దళారి లేకుండా చేయడానికి. ముందు గుర్తింపు కార్డు తీసుకోండి. పొలం మీదేనని, పంట నిజంగా ఉందని అధికారులు చూసుకొని ఇస్తారు. పాసుపుస్తకం నకలు దగ్గర ఉంచుకోండి. అక్కడ కమీషన్ బెడద లేదు. ధర మాత్రం ఏ రోజుకారోజు బోర్డు మీద రాసేదే, మన ఇష్టం కాదు.

నా బెంగ కార్డు గురించి కాదు, ఆకు గురించి. నేనూ ఇసుక నేలలో కూరలు పండించినవాణ్ణే. మొదటిసారి తోటకూరను నీళ్లలో ముంచి, గోతంలో కుక్కి తీసుకెళ్లాను. నెల్లూరు చేరేసరికి ఒకటే కుళ్లు వాసన! సాయంత్రం ఎండ తగ్గాక కోయండి. తడి ఆరాక కట్టలు కట్టి, వెదురు గంపలో నిలబెట్టి, పైన తడిగోనె కప్పండి. వంకాయలకు వేరే గంప. ఆశపడి దొరువును మరీ లోతు తవ్వకండి, ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది.