నూడుల్స్ రుచి చూసి రాయబోతున్న శ్రావణికి

నల్లకుంట, హైదరాబాద్

చి. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మొదటి రాత చదివాను. "సూపర్‌గా ఉంది, కొంచెం స్పైసీ, పదికి ఎనిమిది" అన్నావు. మూడుసార్లు చదివినా ఆ నూడుల్స్ ఎలా ఉంటాయో నాకు తెలియలేదమ్మా. ఉప్పు ఎక్కువైందా, పోగు పంటికి తగిలిందా, కారం నాలుక మీద మండిందా గొంతులో మండిందా, ఇవేవీ అందులో లేవు. నీకు నచ్చిందని మాత్రం తెలిసింది. చదివేవాళ్ళు డబ్బు పెట్టి కొనాలా వద్దా అని నీ మాట కోసం చూస్తారు, వాళ్ళకది చాలదు.

ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇది. మీ అన్నయ్య సింగపూర్ ఉద్యోగంలో చేరి మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు, సూట్‌కేసులో చొక్కాల మధ్య ఏడు రకాల ప్యాకెట్లు పెట్టుకొచ్చాడు. ఏది ఎలా ఉందో మర్చిపోతానని పాత డైరీలో రాసుకున్నాను. ఇప్పటికి ఐదు నోటుపుస్తకాలు నిండాయి. నువ్వు అడిగావు కాబట్టి, వాటిలోంచి నీకు పనికొచ్చేవి చెప్తాను.

మొదటిసారి వండేటప్పుడు ప్యాకెట్ మీద ఎలా ఉంటే అలాగే వండు. ఉల్లిపాయ, క్యారెట్, గుడ్డు, నిమ్మరసం ఏదీ వద్దు. మన చేతికి అంచనాగా పోయడం అలవాటు. మ్యాగీ 1983లో మన దేశానికి వచ్చిన దగ్గర్నుంచి నీళ్ళు ఇగిరేదాకా దగ్గరపెట్టి తినడం నేర్చుకున్నాం. కొరియా నూడుల్స్‌ని అలా చేస్తే పాడైపోతాయి. షిన్ రామ్యున్ 120 గ్రాముల ప్యాకెట్‌కి 550 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి నాలుగున్నర నిమిషాలు ఉడికించమంటారు. అది చారుతో కలిపి తినే వంటకం. నీళ్ళు సగం పోస్తే ఉప్పు రెట్టింపు తగులుతుంది, నువ్వేమో "ఉప్పు కషాయం" అని రాస్తావు. అది వాళ్ళ తప్పు కాదు కదా. దగ్గు మందు సీసాతో ఇచ్చే కొలత గ్లాసులాంటిది ఒకటి, కాస్త పెద్దది, కొనుక్కో. ఫోన్‌లో టైమర్ పెట్టుకో. హాస్టల్లో కెటిల్ ఒక్కటే ఉందన్నావు. దాంతో కప్పు నూడుల్స్ వరకే రాయి. స్టవ్ మీద మరిగించమన్న వాటిని వేడినీళ్ళలో నానబెట్టి తీర్పు చెప్పకు, అవి మా ఇంటికి తీసుకురా.

నీళ్ళ సంగతి కూడా రాసుకో. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకని పోగు ఒక్కోసారి పావు నిమిషం ఎక్కువ అడుగుతుంది. దానికంటే పెద్ద తేడా బోరు నీళ్ళది. మా ఇంట్లో నల్లా నీళ్ళతో ఒకసారి, బోరు నీళ్ళతో ఒకసారి ఒకే రకం వండి చూశాను. బోరు నీళ్ళ చారు అడుగున చప్పటి ఉప్పదనం ఒకటి నిలబడిపోయింది. ఏ నీళ్ళయినా సరే, ఎప్పుడూ ఒకే నీళ్ళు వాడు.

ఇక పోగు. అందరూ మసాలా గురించి పేజీలు రాస్తారు, పోగు గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. నాకు మాత్రం సగం మార్కులు పోగువే. 1958లో జపాన్‌లోని ఇకెడా ఊళ్ళో, ఇంటి వెనక పాకలో కూర్చుని, ఇన్‌స్టంట్ నూడుల్స్ కనిపెట్టిన మొమొఫుకు ఆండో కష్టపడింది దీనికోసమే. ఆవిరి మీద ఉడికించిన నూడుల్స్‌ని నూనెలో వేయిస్తే లోపలి తేమ ఎగిరిపోయి సన్నసన్నటి రంధ్రాలు మిగులుతాయి. వేడినీళ్ళు పోయగానే ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి చేరి పోగు మళ్ళీ మెత్తబడుతుంది. భార్య టెంపురా, అంటే వాళ్ళ బజ్జీలాంటిది, వేయిస్తుంటే చూసి ఆయనకీ ఆలోచన తట్టిందని చెప్తారు. మనింట్లో బజ్జీ మూకుట్లో వేయగానే బుసబుసమంటూ బుడగలు లేస్తాయే, అది పిండిలోని నీరు బయటికి పోవడం. ఆ మాటే ఇది. ఇప్పటికీ ఎక్కువ కంపెనీలు 150 డిగ్రీల అటూ ఇటూ వేడి నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేయించే తయారు చేస్తాయి. కొందరు నూనె లేకుండా వేడిగాలితో ఆరబెడతారు. ఆ రకం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, చారులో నూనె తేలదు, పోగు నునుపుగా ఉంటుంది. నీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందే చూసుకో.

ప్యాకెట్ విప్పగానే నూడుల్స్ బిళ్ళని ముక్కు దగ్గర పెట్టుకో. పండగకి చేసిన మురుకుల డబ్బా నెల తర్వాత మూత తీస్తే ఒక వాసన వస్తుంది చూడు. ఆ వాసన వస్తే నూనె పాతబడిందని అర్థం, ఆ ప్యాకెట్ మీద తీర్పు రాయకు. కొరియా, జపాన్ ప్యాకెట్ల మీద సంవత్సరం ముందు, నెల తర్వాత, చివర తేదీ ఉంటాయి. తికమకపడి గడువు దాటింది కొనేవాళ్ళని చూశాను. బాగుంటే నీళ్ళలో వెయ్యి. చెప్పిన టైముకి ఒక నిమిషం ముందు ఒక పోగు తీసి ముందు పళ్ళతో అడ్డంగా కొరికి, తెగిన చోట చూడు. మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తే లోపల ఇంకా పిండే. చెప్పిన టైముకి మళ్ళీ ఒకటి. దించి ఐదు నిమిషాలాగి ఇంకొకటి. ఈ మూడో పోగే అసలు సంగతి చెప్తుంది. కొన్ని అప్పటికే ఉబ్బి, నాలుకతో నొక్కితే ముద్దయిపోతాయి. కొరియావాళ్ళు చాలావాటిలో గోధుమపిండికి బంగాళాదుంప పిండి కలుపుతారు, అవి అప్పటికీ పంటికింద సాగుతూనే ఉంటాయి. పసుపు రంగు చూసి గుడ్డు వేశారని రాయకు. చాలాసార్లు అది సోడియం, పొటాషియం కార్బొనేట్ల క్షారం వల్ల వచ్చే రంగు. పోగుకి ఆ బిగువు కూడా దాని వల్లే.

రుచికి మాటలు దొరకడం లేదని రాశావు. మన ఇంట్లోనే ఉన్నాయి తల్లీ, బయట వెతుకుతున్నావు. థాయ్‌లాండ్ మామా కంపెనీ వాళ్ళ టామ్ యమ్ నూడుల్స్, అంటే వాళ్ళ పుల్లటి చారు రుచివి, మొదటిసారి తిన్నప్పుడు నాకూ ఒక్క మాట తోచలేదు. "పుల్లగా, వింతగా" అని రాసి కొట్టేశాను. మర్నాడు మళ్ళీ వండి, ఆవిరి పీలుస్తూ కూర్చున్నాను. ఆ పై వాసన దబ్బాకు నలిపి వేసిన మజ్జిగది. వాళ్ళు వాడేది దబ్బాకు కాదు, దాని జాతి నిమ్మాకే. దాని వెనక నిమ్మగడ్డి టీ. ఇంకా అడుగున అల్లంలా ఉండి అల్లం కానిది ఒకటి ముక్కుకి తగులుతోంది. వారం తర్వాత బేగంబజారులో మూలికల అంగడి ముందు నిలబడితే అదే వాసన వచ్చింది. దుంపరాష్ట్రం! దగ్గుకి మా అమ్మ నమలమని ఇచ్చిన వేరు. ఆ పులుపేమో కాచిన చారులా బరువైంది కాదు, పచ్చిపులుసులా తేలికగా నాలుక అంచుల మీద పరుగెత్తేది. ఇన్నీ రాశాక, టామ్ యమ్ పేరు కూడా వినని మా ఎదురింటి వదిన చదివి "నాకు తెలిసిపోయింది" అంది. నువ్వూ అలాగే రాయాలని నా కోరిక.

ఘాటు వేరు, కారం వేరు. మిరియం, ఆవపిండి ముక్కుకెక్కితే ఘాటు, మిరపకాయ నోరు మండిస్తే కారం. మనకు రెండు మాటలున్నాయి కాబట్టి రెంటినీ "స్పైసీ"లో కలిపేయకు. కమ్మదనం అనే మాటనీ వదలకు. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీళ్ళలోంచి గ్లూటమేట్‌ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా మగ్గిన టమాటాలోనూ అదుంటుంది. మింగాక కూడా నాలుక మధ్యలో నిలిచి లాలాజలం ఊరించే గుణం అది. మన కమ్మదనంలో నెయ్యి, పప్పు కూడా కలుస్తాయి కాబట్టి రెండూ అచ్చంగా ఒకటి కాదు, అయినా అన్నిటికంటే దగ్గరి మాట అదే.

ఏ ఊరి వంటని ఆ ఊరి లెక్కలో చూడాలి. ఇండోనేషియా ఇండోమీ కంపెనీ వాళ్ళ మి గోరెంగ్‌లో గోరెంగ్ అంటే వేయించినది. మనం వేయించేదేమీ లేదు, ఉడికించి నీళ్ళు వంచేసి, పళ్ళెంలో విప్పి పెట్టుకున్న పొడి, నూనె, సోయా పాకం, కారంలో కలపడమే. ఆ నల్లటి పాకం తియ్యగా ఉందని విసుక్కోకు. అది కెచాప్ మానిస్, తాటిబెల్లం కాచిన వాసన వస్తుంది. ఇండోనేషియా వంటకి అదే ప్రాణం. నేపాల్ వాళ్ళ వై వైలో నూడుల్స్‌కి ముందే మసాలా పట్టించి వేయిస్తారు, అందుకే నలిపి ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిర్చి కలిపి మన ముంత మసాలాలా పచ్చిగానే తినేస్తారు. దాన్ని చారులో మాత్రమే వండి తీర్పు చెప్తే సగమే చెప్పినట్టు. జపాన్‌లో అయితే డోన్‌బే అనే ఒకే ఉడాన్ (లావుపాటి గోధుమ నూడుల్స్) కప్పుని తూర్పు వాళ్ళకొక చారుతో, పడమటి వాళ్ళకొక చారుతో అమ్ముతారు. ఒక్క దేశంలోనే అంత తేడా ఉన్నప్పుడు, ప్యాకెట్ ఏ దేశంలో తయారైందో నువ్వు రాయకపోతే ఎలా?

కారంలో పౌరుషానికి పోవద్దు. తెలుగువాళ్ళం, గుంటూరు కారం తిన్నవాళ్ళం అని చాలామంది కొరియా సామ్‌యాంగ్ కంపెనీ వాళ్ళ బుల్‌డాక్ మీదికి దూకుతారు. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ ఆ కంపెనీ నూడుల్స్‌లో మూడు రకాల్ని కారం మరీ ఎక్కువని అమ్మకాల్లోంచి తీయించింది. జులైలో రెండింటిని మళ్ళీ రానిచ్చింది. మన ఆవకాయ కారం నూనెతో, అన్నంతో కలిసి మెల్లగా దిగుతుంది. ఇది తియ్యగా మొదలై, నాలుగో ముద్దకి పెదవుల దగ్గర అంటుకుని, పది నిమిషాలు దిగదు. నువ్వు ఎంత తట్టుకున్నావన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మండింది, ఎంతసేపు ఉంది, ఇవి రాయి. పక్కన పెరుగు పెట్టుకో. మిరప కారం నీళ్ళకు కరగదు. అలాంటిది తిన్న రోజు ఇంకోటి రుచి చూడకు, నాలుక నిజం చెప్పదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం అన్నిటికంటే ముఖ్యం. మొదటి రోజుల్లో పేరులో రొయ్యలు లేని, మాంసం ముక్కల్లేని పులుపు నూడుల్స్ తిని, చాలా బాగుందని మేడ మీది వాటాలో ఉండే టీచరుగారికి ఒక గిన్నెడు పంపాను. ఆవిడ పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టలేదు. ఇష్టంగా తిన్నారు కూడా. సాయంత్రం నోటుపుస్తకంలో దినుసులు ఎక్కిద్దామని ప్యాకెట్ వెనక చూస్తే, మసాలాలో రొయ్యల పొడి ఉంది. మెట్లెక్కి వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్నేమీ అనలేదు. గిన్నె తోమి, తుడిచి, నా చేతికిచ్చి లోపలికెళ్ళిపోయారు. ఆ గిన్నె ఇప్పటికీ చూసినప్పుడల్లా నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి దినుసులు చదవకుండా నీళ్ళు కూడా పొయ్యి మీద పెట్టలేదు. నువ్వూ పెట్టకు. శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్కా, మాంసాహారానికి వేసే గోధుమరంగు త్రిభుజమా, దిగుమతిదారు అంటించిన స్టిక్కర్ ఉందా చూడు. సూట్‌కేసులో వచ్చిన వాటికి ఆ గుర్తులుండవు, ప్రతి దినుసూ చదవాలి. చేప పొడి, రొయ్య పొడి, పంది కొవ్వు, గొడ్డు మాంసపు సారం ఉన్నాయేమో వెతుకు. భాష రాకపోతే ఫోన్‌తో అనువాదం చేసుకో, అయినా తేలకపోతే "శాకాహారులకు చెప్పలేను" అని రాయి. ఒకే పేరుతో వేరే దేశానికి వెళ్ళే ప్యాకెట్లో దినుసులు మారతాయి, కాబట్టి కిందటిసారి చూశాంలే అనుకోవద్దు.

ఉప్పు విషయంలో నీ ఒంటిని కూడా చూసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది, సోడియం లెక్కలో 2000 మిల్లీగ్రాములు. పెద్ద కొరియా ప్యాకెట్లలో ఒక్కదాంట్లోనే 1700 దాటేవి ఉన్నాయి. వారానికి రెండు చాలు. చారు నాలుగు చెంచాలు రుచి చూసి వదిలెయ్యి, ప్రతి రాతలోనూ సోడియం అంకె వెయ్యి.

మార్కులు చివర్లో వెయ్యి, మాటలు ముందు రాయి. అంకె ముందు పడితే మాటలన్నీ దాని వెనకే నడుస్తాయి. కంపెనీ ఊరికే పంపితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పు.

నీ నాలుక మీద నమ్మకం కుదరడానికి ఒక పద్ధతి ఉంది. మీ పెదనాన్న నాకు చేసిపెట్టేది. మూడు స్టీలు గిన్నెలు, రెండింటిలో ఒకే రకం, మూడోదాంట్లో వేరే రకం. వేరేదాని కింద ఒక బియ్యపు గింజ పెడతారు. నేను మూడూ రుచి చూసి వేరేది ఏదో చెప్పాలి. మసాలా మ్యాగీకి, ఇంకో కంపెనీ మసాలాకి తేడా కళ్ళు మూసుకుని చెప్పగలననుకున్నాను. మొదటి ఐదుసార్లలో రెండుసార్లు తప్పాను. ఆర్నెల్లు పట్టింది.

ఆదివారం పదిన్నరకి రా. నారాయణగూడ దాకా మెట్రో ఎక్కితే అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు. నీ దగ్గరున్నవాటిలో స్టవ్ మీద వండాల్సినవి రెండు తీసుకురా, ఒకటి నూనెలో వేయించింది, ఒకటి ఆరబెట్టింది అయితే మరీ మంచిది. ఖాళీ కడుపుతో రావద్దు, రెండు ఇడ్లీలు తిను, పచ్చడి లేకుండా. దారిలో ఇరానీ చాయ్ మాత్రం తాగకు. పనయ్యాక ఇక్కడ నేనే పెడతాను. గిన్నెలు పెదనాన్న ఇప్పుడే పైనుంచి దింపారు.

మీ పెద్దమ్మ