సోమవారం సంతకానికి వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పిన్ని ఆశీస్సులు.

మీ నాన్న, మా బావగారి పెద్దకర్మ అయ్యి పది రోజులన్నా కాలేదు, అప్పుడే సోమవారం రిజిస్ట్రారాఫీసుకు రమ్మని మీ పెద్దన్నయ్య ఫోన్ చేశాడన్నావు. "ఊరికే ఒక సంతకం, పొలం పాసుబుక్కు మార్చుకోవాలి" అన్నాడట. సోమవారం వెళ్ళకు. పోట్లాడమని చెప్పడంలేదు. "ఇప్పుడు కుదరదన్నయ్యా, వచ్చే నెల వస్తాను. ఈలోగా ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చదువుకుంటాను" అను. అంతకుమించి ఒక్క మాట కూడా అవసరం లేదు. ఆడపిల్లల వాటాలు కోర్టుల్లో పోయేది తక్కువ. దుఃఖం ఆరకముందే, చదవని కాగితం మీద పెట్టిన సంతకంతోనే ఎక్కువ పోతాయి.

కాగితం రాగానే ముందు తలకట్టు చూడు. "హక్కు విడుదల దస్తావేజు" అని ఉంటే అది పాసుబుక్కు కాగితం కాదు, నీ వాటా వదిలేసే కాగితం. లోపల దాదాపు ఇలాగే రాస్తారు: "వివాహ సమయమున నాకు పసుపు కుంకుమల నిమిత్తం తగినంత ముట్టియున్నందున, దిగువ షెడ్యూలు ఆస్తిలో నాకు గల యావత్తు హక్కును ఎవరి ప్రోద్బలము లేక, నా పూర్తి సమ్మతితో వదులుకొనుచున్నాను. ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు భుక్తములు లేవు." ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. "ముట్టియున్నందున" అంటే నువ్వే రసీదు ఇచ్చినట్టు. "ప్రోద్బలము లేక" అంటే రేపు బలవంతపెట్టారని చెప్పే దారి మూసినట్టు. "నా వారసులకు గాని" అంటే నీ పిల్లల్ని కూడా కలిపేసినట్టు. షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాల పట్టికలో, సర్వే నంబర్లు ఒక్కొక్కటీ సరిచూడు. చివర్న "మరియు ఇతర సమస్త ఆస్తులు" అని ఒక వాక్యం ఉంటే ఊళ్ళో ఇల్లు కూడా అందులోనే పోతుంది.

జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) అని ఉంటే ఇంకా జాగ్రత్త. అది నీ తరఫున అమ్ముకునే అధికారాన్ని కూడా ఇంకొకరి చేతికివ్వగలదు. పంటలోను కోసమనో, నోటరీ అఫిడవిట్టనో తెచ్చినా మొత్తం చదవాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం వద్దు.

రిజిస్ట్రారు ముందు ఫోటో, వేలిముద్ర అయ్యాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో తెలుసుకో. దస్తావేజు రద్దు కోసం దావా వేయాలి, అదీ మోసం సంగతి తెలిసిన మూడేళ్ళలోపే. మోసపోయానని రుజువు చేయాల్సిన బరువు నీ మీదే పడుతుంది. డిగ్రీ చదివినదానివి, "చదవకుండా పెట్టాను" అంటే జడ్జి నమ్మడం అంత తేలిక కాదు. అదే నోటిమాటగా "నాకేం వద్దులే" అన్నా, తెల్లకాగితం మీద రాసిచ్చినా, రిజిస్టరు కానిదే భూమి మీద హక్కు పోదు. అయినా రాసివ్వకు, దాన్ని రేపు సాక్ష్యంగా చూపిస్తారు.

ఇక నీ వాటా ఎంతో లెక్క చెప్తాను. ఉన్నది ఎనిమిదెకరాలు. నాలుగు బావగారు తన అన్నదమ్ములతో పంపకంలో తెచ్చుకున్నవి, అవి ఉమ్మడి కుటుంబపు ఆస్తి. నాలుగు తన జీతంతో కొన్నవి, స్వార్జితం. ఈ రెంటినీ కలిపి లెక్కేస్తేనే అందరూ తప్పుతారు.

పంపకంలో వచ్చిన నాలుగెకరాల్లో బావగారు, మీ ఇద్దరన్నలు, నువ్వు నలుగురూ పుట్టుకతో వాటాదార్లు, తలా ఎకరం. మన ప్రాంతపు ధర్మశాస్త్రం ప్రకారం ఈ పంపకంలో తల్లికి వాటా రాదు. కానీ బావగారి ఎకరం ఆయన పోయాక మా అక్కకూ, అదే మీ అమ్మకూ, మీ ముగ్గురికీ సమానంగా పోతుంది, తలా పాతిక సెంట్లు. అంటే నీకు ఎకరం పాతిక, అక్కకు పాతిక సెంట్లు. స్వార్జితం నాలుగెకరాలు అక్కకూ మీ ముగ్గురికీ తలా ఎకరం. మొత్తం నీకు రెండెకరాల పాతిక, అన్నలకు చెరి అంతే, అక్కకు ఎకరం పాతిక. కూడితే ఎనిమిది.

బావగారు వీలునామా రాసి ఉంటే లెక్క మారుతుంది. స్వార్జితాన్నీ, ఉమ్మడిలో తన ఎకరాన్నీ ఆయన ఎవరికైనా రాయొచ్చు. నీ పుట్టుక వాటా ఎకరాన్ని మాత్రం రాయలేరు. వీలునామా రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది, కానీ ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టి ఉండాలి. చూపించారంటే వెంటనే ఆ సాక్షులెవరో రాసుకో.

ఇంకో మెలిక. తాత పేరు మీద ఉన్నంత మాత్రాన పిత్రార్జితం అయిపోదు. తాత స్వార్జితం 1956 తర్వాత ఆయన వీలునామా లేకుండా చనిపోయి కొడుక్కి వస్తే అది ఆ కొడుకు సొంతమే, మనవలకూ మనవరాళ్ళకూ పుట్టుకతో వాటా ఉండదు. వకీళ్ళు సైతం ఇక్కడ తడబడతారు కాబట్టి ఆ పంపకం దస్తావేజు నకలు నీ చేతిలో ఉండాలి.

"పెళ్ళికి కట్నమిచ్చాం, ఇంకేం వాటా" అంటారు. కట్నం 1961 నుంచీ చట్టం ప్రకారం నేరం. అది వాటాకు బదులు కాదు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా మన రాష్ట్రమే 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు దక్కలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా కూడా తీసేసింది. తండ్రి ఆ రోజుకు బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలనూ అమ్మకాలనూ మాత్రం తిరగదోడలేం. పాత తేదీ వేసిన తెల్లకాగితపు పారీఖత్తు (పంపకాల కాగితం) తెస్తే కంగారుపడకు. దానికి ప్రభుత్వ రికార్డుల దన్ను లేకపోతే కోర్టులు అంత తేలిగ్గా నమ్మవు. (ఇదంతా హిందూ కుటుంబాల లెక్క. వీలునామా లేకపోతే క్రైస్తవుల్లో కొడుకూ కూతురూ సమానం, ముస్లింలలో కూతురికి కొడుకు వాటాలో సగం. షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం నేరుగా వర్తించదు.)

ఈ నెలలో చేయాల్సింది కాగితాలు పోగుచేయడం. మీసేవలోనో గ్రామ సచివాలయంలోనో కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రానికి దరఖాస్తు ఇవ్వు. అందులో నీ పేరు, అక్క పేరు ఉన్నాయో లేదో నువ్వే చూడు. కూతుళ్ళ పేర్లు వదిలేసి మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకోవడం కొత్త కాదు. ప్రతి సర్వే నంబరుకూ ఈసీ తియ్యి, ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ అందులో ఉంటాయి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. రెవెన్యూ భూమి రికార్డులైన అడంగల్, 1-బి ప్రింట్లు తేదీతో సహా తీసిపెట్టు. పేర్లు మార్చమని అన్నలు దరఖాస్తు పెట్టి ఉంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకో. ఒకవేళ పాసుబుక్కు అన్న పేరున వచ్చేసినా నీ హక్కు పోయినట్టు కాదు, మ్యుటేషన్ హక్కును పుట్టించదు. కాకపోతే అమ్మేసుకోవడం సులువవుతుంది, అందుకే ముందే ఆపాలి.

తర్వాత మాట్లాడు. అక్క ముందు, అందరూ ఉండగా, లెక్క కాగితం మీద పెట్టి. వాళ్ళ అసలు భయం బయటివాడు పొలంలోకి వస్తాడని. బావగారి నుంచి వారసత్వంగా వచ్చిన భాగాన్ని నువ్వు అమ్ముకోదలిస్తే, ముందుగా కొనుక్కునే హక్కు తోటి వారసులుగా వాళ్ళకే ఉందని చెప్పు, సగం బిగువు అక్కడే సడలుతుంది. భూమికి బదులు డబ్బిస్తామంటే కూడా తప్పులేదు. కానీ ఊరి ధర కనుక్కో, డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టు, దస్తావేజులో ఆ మొత్తమే రాయించు. "పంట రాగానే ఇస్తాం" అనే మాట మీద విడుదల రాయకు. అక్క ఎకరం పాతిక సంగతి మర్చిపోకు. కొడుకులకు రాసిచ్చేసి మందులకు చెయ్యి చాచే తల్లులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. తన పేరునే ఉంచుకోమని నువ్వే చెప్పాలి.

మాటతో తెగకపోతే మండల న్యాయసేవా కమిటీకి వెళ్ళు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలెవరికైనా వకీలు ఉచితం. దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కాబట్టి అక్కడ కూడా చదివే సంతకం పెట్టు. చివరికి పార్టిషన్ దావా, అంటే వాటా పంచిపెట్టమని కోర్టులో వేసేది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నావంటే కోర్టు ఫీజు నామమాత్రం, నిన్ను బయటికి నెట్టేశారని తేలితే వాటా విలువ మీద కట్టాలి. నీకు వాటా లేదని వాళ్ళు తేల్చి చెప్పిన రోజు నుంచి పన్నెండేళ్ళే గడువు. ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారో తేదీ వేసి రాసిపెట్టుకో.

వాటా వచ్చాక పాసుబుక్కు నీ పేరునే ఉండాలి. మీ ఆయన మంచివాడే, అయినా సరే.

ఇంకొక్క సంగతి. మీ అత్తగారిది ఖమ్మం వైపు కదా. అక్కడ, తెలంగాణలో, పొలాల రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గరే జరుగుతుంది. రేపు మీ ఇంట్లో విరాసత్ (వారసుల పేరుకు భూమి మార్పిడి) చేయించేటప్పుడు నీ ఆడబిడ్డ సంతకం కూడా కావాల్సి వస్తుంది. ఆ కాగితం ఆ పిల్లకు నెల ముందే పంపించమని మీ ఆయనకు ఇప్పుడే చెప్పిపెట్టు.

ఈసీ చేతికి రాగానే ఫోన్ చెయ్యి, సర్వే నంబర్లు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ పిన్ని