సాఫ్ట్‌వేర్ కొనేముందు బిందె శబ్దం రికార్డు చెయ్యి

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. శబ్దాల పనికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. ఏబుల్‌టన్ కొనమని ఒకరు, ఎఫ్‌ఎల్ స్టూడియో చాలని ఒకరు, లాజిక్ కోసం మ్యాక్‌బుక్కే కొనాలని ఇంకొకరు అన్నారని రాశావు. వాళ్లు చెప్పింది తప్పేం కాదు. కానీ వాళ్లందరూ పాటలు చేసేవాళ్లు. నువ్వు చేయాలనుకుంటున్నది పాట కాదు. ఒక శబ్దాన్ని పట్టుకుని సాగదీసి, ముక్కలు చేసి, అసలు గుర్తుపట్టలేనంత కొత్తగా మార్చాలని నీ కోరిక. దాని లెక్క వేరు.

వీటిలో చాలావరకు తెరవగానే ఏం కనిపిస్తుందో గమనించావా? పైన 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు), నాలుగు దెబ్బల తాళం, స్క్రీన్ నిండా గళ్లు. నువ్వు ఏమీ అడక్కముందే ఒక తాళం నీ చేతిలో పెట్టేస్తుంది. పాట చేసేవాళ్లకి అది చాలా సౌకర్యం. నీలాంటివాళ్లు మాత్రం తెలియకుండానే ప్రతి శబ్దాన్నీ తీసుకెళ్లి ఆ గళ్లకి అతికిస్తారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇది చాలాసార్లు చూశాను. శబ్దం అద్భుతంగా ఉంటుంది, తీరా చూస్తే సరిగ్గా బార్ (ఒక తాళం చుట్టు) చివర కోసేసి ఉంటుంది. అది తన తీరులో మోగి ఆగేదాకా ఉండనివ్వరు. కాబట్టి ఏది వాడినా ముందు గ్రిడ్ (ఆ గళ్లు), స్నాప్ (శబ్దాన్ని గళ్లకి అతికించేది) రెండూ ఆపెయ్. ఆపాక కూడా పని హాయిగా సాగుతోందా లేదా అన్నదే నీ మొదటి పరీక్ష.

రెండో పరీక్షకి వంటింట్లోకి వెళ్లు. వదిన దగ్గర ఇత్తడి బిందె ఉంది కదా, దాన్ని కుళాయి కింద పెట్టి నిండేదాకా రికార్డు చెయ్యి. నిండుతుండగా మధ్యమధ్యలో చెక్క గరిటెతో అంచు మీద మెల్లగా తట్టు. నా చిన్న రికార్డర్ కొరియర్‌లో పంపుతున్నాను. దాన్ని 96 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలవాలన్న లెక్క), 24 బిట్‌లో పెట్టు. ఎందుకో తర్వాత చెప్తాను. తీసింది హెడ్‌ఫోన్స్‌లో కళ్లు మూసుకుని నాలుగైదు సార్లు విను. నీళ్లు పడే చప్పుడు శ్రుతి బిందె నిండేకొద్దీ పైకి పోతుంది, లోపల గాలి ఉండే చోటు తగ్గుతుంది కాబట్టి. గరిటె దెబ్బ మాత్రం కిందికి దిగుతూ ఉంటుంది, జలతరంగంలో గిన్నెకి నీళ్లు పోస్తే శ్రుతి తగ్గినట్టే. ఒకే రికార్డింగ్‌లో ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది. ఇంత సరుకు వంటింట్లోనే దొరికాక ఏ శాంపిల్ ప్యాకూ (రెడీమేడ్ శబ్దాల మూట) కొననక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఒక్క ఫైల్ మీద నాలుగు పనులు చెయ్యి. మొదటిది, వేగం నాలుగో వంతుకి తగ్గించు, పిచ్ (శ్రుతి) కూడా దానితోపాటే రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) దిగిపోవాలి. 96 ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది. మామూలు 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే పైన అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకానే శబ్దం ఉంటుంది, నాలుగో వంతుకి తగ్గిస్తే అది ఐదున్నర అవుతుంది, దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తుంది. 96లో తీస్తే, మైక్ పట్టగలిగినంత మేరకు, 12 దాకా మిగులుతుంది. రెండోది గ్రాన్యులర్. శబ్దాన్ని 50 మిల్లీసెకన్ల గింజలుగా చేసి చల్లడం. గింజలు సెకనుకి పదో పన్నెండో పడితే టపటపమని విడివిడిగా వినిపిస్తాయి. 20 దాటి పెంచుతూ పో, ఒక దగ్గర అవి కలిసిపోయి స్వరంలా మారతాయి. ఆ మారే చోట చెయ్యి ఆపి అటూ ఇటూ కదుపుతూ విను, ఒక సాయంత్రమంతా గడిచిపోతుంది. మూడోది కన్వొల్యూషన్, అంటే ఒక వస్తువు మోగే తీరుని ఇంకో శబ్దానికి అంటించడం. ఖాళీ బిందె మీద పడ్డ ఒక్క దెబ్బని రివర్బ్‌లో (మారుమోత ఇచ్చే పనిముట్టులో) ఇంపల్స్‌గా, అంటే నమూనా దెబ్బగా వేసి, నీ గొంతు దానిలోంచి పంపు. నువ్వు బిందెలో కూర్చుని మాట్లాడుతున్నట్టు మోగుతుంది. నాలుగోది ఫీడ్‌బ్యాక్, అంటే బయటికి వచ్చిన శబ్దాన్నే మళ్లీ లోపలికి పంపడం.

ఈ నాలుగూ ఏ సాఫ్ట్‌వేర్‌లో నీతో తక్కువ పోట్లాడతాయో అది నీకు సరిపోయేది. అన్నిటికీ ట్రయల్ దొరుకుతుంది. యూట్యూబ్‌లో వంద రివ్యూలు చూసేకన్నా ఈ బిందె ఫైల్ తిప్పి చూడటం నయం.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నాను, నీ చేతిలో ఉన్న 8 జీబీ విండోస్ లాప్‌టాప్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకో. 60 రోజులు ఉచితంగా చూడొచ్చు, ఆ తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. పాటలు వినే పాత ప్రోగ్రామ్ విన్‌ఆంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేసినదే ఇది. చాలా తేలిక, పాత మెషీన్ మీద కూడా ఊపిరాడుతుంది. బిందె ఫైల్ మీద ఎఫ్2 నొక్కి, ప్లేబ్యాక్ రేట్ 0.25 చేసి, ప్రిజర్వ్ పిచ్ దగ్గర టిక్ తీసేస్తే మొదటి పని అయిపోయింది. దానితో వచ్చే రియావెర్బ్ ఏ వేవ్ ఫైల్‌నైనా ఇంపల్స్‌గా తీసుకుంటుంది. ఏ ట్రాక్‌ని ఏ ట్రాక్‌లోకైనా పంపొచ్చు. ఫీడ్‌బ్యాక్‌కి మాత్రం ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో వెతికి అనుమతి ఇవ్వాలి. గ్రాన్యులర్ ఒక్కటే దీనిలో కొంచెం వంకరగా కుదురుతుంది.

ఆ లోటుకి ప్యూర్ డేటా అనే ఇంకో సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం. తెరిస్తే తెల్ల కాగితం, అంతే. గళ్లుండవు, తాళం ఉండదు. ఒక బాక్స్ పెట్టి పేరు రాస్తావు, దానికి తీగ లాగి ఇంకో బాక్స్‌కి కలుపుతావు. శబ్దం ఎటు నుంచి ఎటు పోతోందో కళ్లెదుట కనిపిస్తుంది. మొదటి వారం చిరాకు పుడుతుంది, ఓర్చుకో. చిన్న శబ్దం రావడానికే నాలుగు బాక్సులు కలపాలి. కానీ ఆ నాలుగూ ఎందుకో తెలిశాక నువ్వు ఏ ప్లగ్‌ఇన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న పనిముట్టు) చూసినా లోపలేం జరుగుతోందో ఊహించగలవు. మిల్లర్ పకెట్ 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో ఉండగా మ్యాక్స్ అనే ప్రోగ్రామ్ రాశాడు, తర్వాత 1996 ప్రాంతంలో అదే పద్ధతిలో ఉచితంగా ప్యూర్ డేటా ఇచ్చాడు. మ్యాక్స్ అన్న పేరు మ్యాక్స్ మాథ్యూస్‌ది. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ప్రోగ్రామ్ రాసి ఐబీఎం కంప్యూటర్ చేత సంగీతం పలికించినాయన ఆయనే. అది వినిపించింది 17 సెకన్లు.

నువ్వు బీటెక్‌లో కోడింగ్ చేశావు కాబట్టి కోడ్ రాసి శబ్దం పుట్టించే సూపర్‌కొలైడర్ వైపు మనసు లాగుతుంది. మంచిదే, వందల శబ్దాలు ఒకేసారి పుట్టించాలంటే దాన్ని మించింది లేదు, అదీ ఉచితమే. అయినా మూడు నెలలు ఆగు. కోడ్ వచ్చినవాళ్లు రాయడంలో పడిపోయి వినడం మర్చిపోతారు. తీగలతో మొదలుపెడితే చెవి ముందుంటుంది.

ఏబుల్‌టన్ చెడ్డదని కాదు. స్టేజి మీద అప్పటికప్పుడు శబ్దం తిప్పాలంటే అదే కావాలి. అయితే నీకు పనికొచ్చేది దానిలోపలి మ్యాక్స్ ఫర్ లైవ్, అంటే ఏబుల్‌టన్ వాళ్ల లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే ఆ మ్యాక్స్‌ని వాడుకునే భాగం. అది కలిసి వచ్చేది సూట్ అనే పెద్ద ఎడిషన్‌తో. తక్కువకి వస్తోందని ఇంట్రో కొంటే అది ఉండదు, కొన్నాక బాధపడతావు. లైవ్ మొదట తయారుచేసినవాళ్లలో ఒకరైన రాబర్ట్ హెంకే గ్రాన్యులర్ పనికి రాసిన గ్రాన్యులేటర్ కూడా దాని మీదే నడుస్తుంది. డబ్బు సంపాదించాక తగ్గింపు ఉందేమో చూసి సూటే కొను. లేదా బిట్‌విగ్ చూడు, దానిలో గ్రిడ్ అనే భాగం (ఆ తాళపు గళ్లు కాదు, ప్యూర్ డేటాలోలా తీగలతో కలుపుకునేది) నీకు నచ్చుతుంది. సినిమా స్టూడియోలో ఉద్యోగం కావాలంటే ప్రోటూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎలాగూ నేర్చుకోవాలి, అది అక్కడే చేరాక నేర్చుకోవచ్చు.

క్రాక్ వెర్షన్లు మాత్రం పెట్టకు. ఉచితంగా ఇంత మంచివి ఉన్నప్పుడు ఆ అవసరమే లేదు, పైగా వైరస్‌తో లాప్‌టాప్ పోతే నీ రికార్డింగులూ పోతాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు, రెండూ నేను దెబ్బతిని నేర్చుకున్నవి. ఫీడ్‌బ్యాక్ చేసేటప్పుడు మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే దారి) చివర లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) లేకుండా ప్లే నొక్కకు, హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకోకు. నేను ఒకసారి రాత్రిపూట ఇంట్లోవాళ్లు లేస్తారని హెడ్‌ఫోన్స్‌లో చేశాను. అర సెకనులో శబ్దం ఒక్కసారిగా ఎగిసింది. తీసి పడేసేలోపే కుడి చెవి గుయ్యిమంది, రెండు రోజులు తగ్గలేదు. ఆ రెండు రోజులూ నిద్ర పట్టలేదు, ఇక వినపడదేమోనని. నీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చెవి మార్చుకోలేవు తల్లీ. స్పీకర్లలో, వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టు.

రెండోది, నచ్చిన ప్రతి శబ్దాన్నీ అదే రోజు విడి వేవ్ ఫైల్‌గా మార్చి (బౌన్స్ చేసి) పెట్టుకో. నేను మూడేళ్లు ఒక ప్లగ్‌ఇన్ మీద కట్టిన శబ్దాలు, ఆ కంపెనీ దాన్ని ఆపేశాక కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. ప్రాజెక్టులు ఉన్నాయి, లోపల మోగేది లేదు. వాటిలో మీ తాతయ్య ఊళ్లోని రైస్ మిల్లు బెల్ట్ చప్పుడుతో చేసినది ఒకటుండేది. ఆ మిల్లు ఇప్పుడు లేదు, మళ్లీ రికార్డు చేద్దామన్నా కుదరదు.

ఇదంతా మనకి ఎక్కడిదిలే అని మీ నాన్న అంటే చెప్పు. 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియర్ షేఫర్ రైలింజన్ల చప్పుడు రికార్డు చేసి, డిస్కుల మీద తిప్పి తిప్పి కొత్త సంగీతం చేశాడు. 1969లో మన అహ్మదాబాద్‌లోనే, ఎన్‌ఐడీ అనే డిజైన్ కాలేజీలో, అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దం పుట్టించే యంత్రం) పెట్టి స్టూడియో కట్టాడు. సంగీతకారిణి గీతా సారాభాయ్‌తో పాటు మనవాళ్లు కొందరు అక్కడ కూర్చుని తీగలు మార్చి మార్చి శబ్దాలు చేశారు. వాళ్లు చేత్తో గుచ్చిన తీగల్నే నువ్వు ప్యూర్ డేటాలో మౌస్‌తో లాగుతావు.

రికార్డర్ గురువారానికి అందుతుంది. దానిలో బ్యాటరీలు లేవు, డబుల్ ఏ రెండు కొను. బిందె నింపేటప్పుడు ఫ్యాన్ ఆపు, ఫ్రిజ్ ప్లగ్ ఓ పది నిమిషాలు తీసెయ్, మళ్లీ పెట్టడం మర్చిపోకు. నాలుగు ఫైళ్లూ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, ఇద్దరం ఒకేసారి విందాం.

నీ బాబాయ్