ఆ టీ గ్లాసు దగ్గరికి మళ్లీ వెళ్లు

తమ్ముడూ,

నిన్నటిదాకా కొట్టుకున్న రెండు పార్టీలు చేతులు కలపడం మీద నువ్వు రాసిన కథ నిన్న రాత్రి చదివాను. చివరి వాక్యం దగ్గర కోపమొచ్చి కాగితాలు పక్కన పడేశాను. "ఏ జెండా అయితేనేం, చివరికి ఇద్దరూ ఒకటే" అని రాసి చేతులు దులుపుకున్నావు. ఎట్లా ఒకటవుతారు? ఆర్నెల్ల కిందట కర్రతో తన తల పగలగొట్టినవాడి పక్కనే ఆ కుర్రాడు బస్ డిపో ముందు కూర్చున్నాడు, చేతిలో టీ గ్లాసు, తాగలేక అట్లాగే పట్టుకుంటే పైన మీగడ కట్టింది. ఈ నాలుగు లైన్లు నువ్వే రాశావు కదా. బాగున్నాయి. అవి దాటగానే మూడు పేజీలు నాయకుల ఉపన్యాసాలు.

బెర్లిన్ సమ్మె చదివి రాశావని తెలుస్తూనే ఉంది, అందులో తప్పులేదు, కానీ సరిగ్గా చూడు. 1932 నవంబరు 3న అక్కడ ట్రాములు, బస్సులు ఆగిపోయాయి, కూలి గంటకు రెండు ఫెన్నిగ్‌లు, అంటే అక్కడి పైసలు, తగ్గిస్తామన్నందుకు. ఈ రెండు పక్షాలకీ మధ్యలో ఉన్న సోషల్ డెమోక్రాట్ల పార్టీ చేతిలోని యూనియన్ సమ్మె వద్దంది. అప్పటిదాకా వీధుల్లో ఒకర్నొకరు చంపుకున్న కమ్యూనిస్టులూ నాజీలూ సమ్మె కోసం ఒకే పికెట్‌లో నిలబడ్డారు. అంతకు ముందు ఏడు, 1931 ఆగస్టులో, జర్మనీలోకెల్లా పెద్ద రాష్ట్రం ప్రష్యాలో సోషల్ డెమోక్రాట్ల ప్రభుత్వాన్ని దించాలని నాజీలు సమర్థించిన రెఫరెండానికి కమ్యూనిస్టు పార్టీ కూడా ఓటెయ్యమంది. ఇద్దరూ ఒకటే కాబట్టి కాదు తమ్ముడూ. ముందు మధ్యలో ఉన్నవాణ్ణి పడగొడదాం, ఆ తర్వాత వీడి పని చూద్దాం అని ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నారు. సమ్మె వారం కూడా నడవలేదు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు, మార్చి మొదట్లోనే కమ్యూనిస్టు నాయకుడు థేల్మన్‌ను పట్టుకున్నారు, పదకొండేళ్లు నిర్బంధంలో ఉంచి 1944లో కాల్చేశారు.

పొత్తు మీద కథ రాస్తే చేతులు కలిపిన పెద్దల్ని వదిలెయ్. మర్నాడు పొద్దున ఊళ్లోవాళ్ల మొహం చూసి దాన్ని సమర్థించుకోవాల్సినవాడు ఉంటాడే, వాణ్ణి పట్టుకో. నలభయ్యేళ్లుగా నేను చెబుతున్నది ఇదే.

మా తాత అట్లాంటివాడు. కోవూరు దగ్గర పల్లె మాది. కమ్యూనిస్టు పార్టీ మనిషి, నాజీల దుర్మార్గం గురించి ఊరూరా తిరిగి చెప్పినవాడు, 1939 ఆగస్టులో ఒకరిమీద ఒకరం యుద్ధానికి రామని స్టాలిన్ మనుషులూ హిట్లర్ మనుషులూ కలిసి సంతకాలు పెట్టారని తెలిశాక ఇది సామ్రాజ్యవాదుల యుద్ధం, మనకొద్దు అని చెప్పాల్సి వచ్చింది. 1941 జూన్ 22న హిట్లర్ రష్యా మీద పడ్డాడు, కొన్నాళ్లకి ఇక్కడి పార్టీ కూడా ఇది ప్రజాయుద్ధం, ఇందులో బ్రిటిష్ వాళ్లకి అడ్డు రాకూడదు అంది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం పార్టీ మీద నిషేధం ఎత్తేసింది, అదే ఏడు తాత సొంత తమ్ముడు క్విట్ ఇండియాలో జైలుకెళ్లాడు. "మీ తాత చానాళ్లు రచ్చబండ కాడికే పోలేదబ్బయా, ఇంటెనక చింతచెట్టు కింద కూసోనుండేవాడు" అని మా అవ్వ చెప్పేది.

దాన్ని కథ చేసి 1984లో ఒక వారపత్రికకి పంపాను. సంపాదకుడు చింతచెట్టు కింద కూర్చున్న పేజీ మొత్తం కోసేసి అన్నదమ్ముల వాదన మాత్రం అచ్చు వేశాడు, పాఠకులకి ఘర్షణ కావాలని కార్డు ముక్క కూడా రాశాడు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. ఈ మధ్య ఘర్షణ పోయి ట్విస్టు వచ్చింది, పోటీలకి వచ్చే కథలన్నీ చివరి లైన్లో ఏదో ఒకటి పేల్చాలని చూస్తున్నాయి, నీ కథ కూడా ఆ టెన్షన్‌లోనే అట్లా ముగిసిందని నా అనుమానం.

మార్గరెటె బూబర్ నాయ్‌మన్ గురించి విన్నావా? జర్మన్ కమ్యూనిస్టు, భర్తతో మాస్కోలో తలదాచుకుంది. ఆ భర్త హైన్జ్ నాయ్‌మన్ జర్మన్ పార్టీలో పెద్ద నాయకుడు, 1937లో అక్కడే స్టాలిన్ ప్రభుత్వం కాల్చేసింది. ఆమెను కజకస్తాన్‌లో కరగండా నిర్బంధ క్యాంపుకి పంపారు. 1940లో సోవియట్ పోలీసులే ఆమెను బ్రెస్ట్ లిటోవ్‌స్క్ దగ్గర వంతెన మీద జర్మన్లకి అప్పజెప్పారు. అటునుంచి నాజీల రావెన్స్‌బ్రుక్ క్యాంపు, అయిదేళ్లు. ఇద్దరూ ఒకటేనని ఆమె అంటే నేను తల వంచుకుని వింటాను. డిపో ముందు కూర్చున్న మన కుర్రాడి తరఫున ఆ మాట మనం అనెయ్యకూడదు, వాడికి వాడి జెండా ఒకటి ఉంది, దానికోసం వాడు దెబ్బలు తిన్నాడు, ఇప్పుడు ఆ టీ వాడికి మింగుడు పడనిది అందుకే.

ఉపన్యాసాలన్నీ తీసెయ్. ఆ రాత్రి వాడు ఇంటికెళ్తాడు కదా, వాళ్లమ్మ ఆ కుట్ల మచ్చ మీద నూనె రాస్తూ "ఇయ్యాళ యాడికి పోయినావబ్బయా, ఎవరితో ఉన్నావు?" అని అడిగిందనుకో. వాడేం చెబుతాడో రాయి. వచ్చే నెల ఒంగోలు వస్తున్నా, పోస్టులో వెయ్యకు, చేతికే ఇవ్వు.