మడతల రోబో మీద పీహెచ్‌డీ: పాపను ఆపాలా?

కర్నూలు నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకు పాతబస్తీలో మెడికల్ షాపు ఉంది. పాప మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. క్యాంపస్ ఉద్యోగాలకు కూర్చోనంటోందట. మింగితే కడుపులో విప్పుకుని పనిచేసే చిన్న రోబోల మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టిందట. "ఇది నిజంగా చదువేనా? ఎన్నేళ్లు పడుతుంది? అన్నం పెడుతుందా? పెళ్ళి వయసు దాటిపోదా?" అని అడిగారు.

నిజమైన చదువేనండీ. 2016లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డానియెలా రస్, షుహెయ్ మియాషిటా అనే పరిశోధకుల బృందం ఇలాంటిదాన్ని చేసి చూపించింది. సాసేజ్‌లకు తొడిగే పంది పేగు పొరను ఎండబెట్టి, వేడికి ముడుచుకునే ఫిల్ముతో కలిపి, హార్మోనియం తిత్తిలా మడతలు పెట్టారు. మధ్యలో ఒక చిన్న అయస్కాంతం. దాన్ని మంచు క్యాప్సూల్‌లో పెట్టారు. మంచు కరగగానే మడతలు విప్పుకుంటాయి. బయటి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ ఉంటే, అది కడుపు గోడను పట్టుకుంటూ, జారుతూ ముందుకు కదులుతుంది.

ఇంత కష్టం దేనికంటారా? మీ షాపులో అమ్మే డిజిటల్ థర్మామీటర్‌లో బటన్ బ్యాటరీ ఉంటుంది కదా. పసిపిల్లలు దాన్ని మింగితే, తడి తగిలి కరెంటు పారి, అక్కడ క్షారం పుట్టి కండను కాల్చేస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే పెద్ద గాయం కావచ్చు. (ఎవరైనా అలా మింగారని మీ దగ్గరికి వస్తే ఒక్క నిమిషం ఆపకుండా ఆసుపత్రికి పంపండి.) ఆ బ్యాటరీని అయస్కాంతంతో అంటించుకుని కదిలించడం, గాయం మీద మందు పొరలా పరుచుకోవడం ఆ రోబో పని. అయితే వాళ్లు చూపించింది కడుపు నమూనాలో, మనిషిలో కాదు. ఇలాంటివి మామూలు వైద్యంలోకి రావడానికి ఇంకా చాలా పని ఉంది. ఈ సంగతి పాపకూ తెలిసి ఉండాలి. "ఐదేళ్లలో నా రోబో ఆసుపత్రిలో ఉంటుంది" అనుకుని వెళ్తే మూడో ఏడాదికే నీరుగారిపోతుంది.

డబ్బు గురించి మీరు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. మన ఐఐటీల్లో, ఐఐఎస్సీలో (బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ) పీహెచ్‌డీకి మీరు లక్షలు కట్టే పనిలేదు, వాళ్లే ఫెలోషిప్ ఇస్తారు. 2023 నుంచి అది మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. బీటెక్ తర్వాత నేరుగా చేరితే ఐదారేళ్లు పడుతుంది. పూర్తయ్యేసరికి పాపకు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వస్తాయి. పీహెచ్‌డీ చేస్తూ పెళ్ళి చేసుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. చదువు దానికి అడ్డం కాదు, ఆ లెక్కతో చదువు ఆపడం మాత్రం అన్యాయం.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది: గైడ్, అంటే పరిశోధన చేయించే ప్రొఫెసర్, ఎవరు? నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న అదే. నాకు తెలిసిన ఒక అబ్బాయి, చాలా తెలివైనవాడు, టాపిక్ పేరు చూసి మోజుపడి చేరాడు. గైడ్‌ను కలవడానికి నెలల తరబడి ఎదురుచూపులు. నాలుగో ఏట వదిలేసి వచ్చేశాడు. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. చేరే ముందు ఆ ల్యాబ్‌లో చదువుతున్న ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడి ఉంటే వాడికి ఆ బాధ తప్పేది. పాపను ఆ పని తప్పకుండా చేయమనండి. గైడ్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు? ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ అయినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? సిగ్గుపడకుండా అడగాలి.

"మడతల రోబో" అన్న పేరు కోసమే వెతకొద్దని కూడా చెప్పండి. బెంగళూరు ఐఐఎస్సీలో జి.కె. అనంతసురేశ్ ల్యాబ్ కీళ్లు లేకుండా వంగుతూ పనిచేసే పరికరాల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడే అంబరీశ్ ఘోష్ బృందం అయస్కాంతంతో నడిచే నానో రోబోలను పంటి లోపలి సన్నటి గొట్టాల్లోకి పంపింది. పాప కోరుకునే పనికి ఇవన్నీ దగ్గరి చుట్టాలే. రేపు ఈ టాపిక్ పాతబడినా పదార్థాలు, అయస్కాంతాలు, సూక్ష్మ తయారీ, డాక్టర్లతో కలిసి పనిచేసే అలవాటు చేతిలో ఉంటాయి. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలకు కావాల్సింది అదే. విశాఖలో అలాంటి కంపెనీల కోసమే మెడ్‌టెక్ జోన్ కూడా ఉంది.

ఇక ఈ ఏడాది సంగతి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవిలో రెండు నెలల రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ముందు ఏడాది చివర్లోనే దరఖాస్తు చేసుకోవాలి. గడువు దాటిపోయి ఉంటే ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ రాయమనండి, పదిమందికి రాస్తే ఒకరిద్దరైనా పలుకుతారు. ఆ రెండు నెలలు పాపను పంపండి. ఒకే మడతను యాభైసార్లు చేసి, నలభైతొమ్మిదిసార్లు చిరిగిపోతే ఆమెకు ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. తిరిగొచ్చాక కూడా అదే మాట మీద ఉంటే పీహెచ్‌డీ సీటుకు పనికొచ్చే గేట్ పరీక్ష ఫారం నింపమనండి. క్యాంపస్ ఇంటర్వ్యూలకూ కూర్చోమనండి, రెండూ ఒకే ఏడాదిలో చేయొచ్చు.